నిండుకున్నాయి

బహుళ అష్టమి

ఓడనుంచి ఇవాళ ఒక ప్రశ్న వచ్చింది. "మీ శిబిరంలో దీపాలు తరచుగా కొండెక్కుతున్నట్టు చెవి నమోదు చేసింది. ఏ కొండ? దీపాలు ఎవరు మోసుకెళ్తున్నారు? అవతలి సైన్యానికి సైగలేమో విచారించి రాయగలరు."

లేచి బయటికెళ్లి చుట్టూ చూశాను. తూరుపు మడులంటే ఒకప్పుడు ఉప్పు పండించిన నేల, అరచేతిలా చదునుగా ఉంటుంది. ఇక్కడ అన్నిటికన్నా ఎత్తయినది మరుగుదొడ్ల గట్టు. దాని మీద దీపం పెట్టి ఎవరైనా యుద్ధం గెలిస్తే నాకూ సంతోషమే.

జవాబు రాశాను. అయ్యా, దీపం ఆరిపోయిందని మావైపు అనరు. అశుభం. కొండెక్కింది అంటారు. ఎండదీపంలో బ్యాటరీ చచ్చినా అదే మాట. కొండా లేదు, సైగా లేదు, ఇప్పుడు దీపాలూ లేవు. దయచేసి బ్యాటరీలు పంపండి.

ఇదీ నా ఉద్యోగం. కుళాయి దగ్గర, ఆస్పత్రి గుడారం దగ్గర, పడవల రేవు దగ్గర గుంజలకి కట్టిన పెట్టెల్ని జనం చెవులంటారు. మనుషులు మాట్లాడుకునేదంతా అవి రోజంతా విని, ఎక్కడ తిండి ఉంది, ఎక్కడ లేదు, ఎవరికి జ్వరాలు అని తేల్చి సముద్రంలో ఉన్న సహాయ ఓడకి పంపుతాయి. మనుషుల్ని పంపి అడిగించే రోజుల్లో ఆ మనుషుల్ని తూనీగలు చంపేసేవట. తూనీగలంటే పిల్లలు దారం కట్టి ఆడుకునేవి కావు. వేడిని పసిగట్టి వచ్చి పేలేవి. అందుకే శిబిరంలో ఎవరూ పొయ్యి వెలిగించరు. అటుకులు నానబెట్టుకుని తింటారు, అవి ఉంటే.

చెవికి అర్థంకాని మాట తగిలితే దిద్దడానికి నన్ను పెట్టారు. యుద్ధానికి ముందు కోర్టులో సాక్షుల మాటలు తర్జుమా చేసేదాన్ని. ఇక్కడ నన్ను అందరూ మాటలమ్మ అంటారు. రోజుకో రెండ్రోజులకో ఈ చిట్టా రాయాలని, అందులో మాటల గురించి మాత్రమే రాయాలని నిబంధన. ఓడలో దీన్ని ఎవరూ చదవరని నాకు అనుమానం, అందుకే కాస్త ఎక్కువ రాస్తుంటాను.

తిథులు వేయడం కూర్మయ్య చలవ. ఆయన పాత ఉప్పుమేస్త్రీ, శిబిరం పెద్ద. మనిషి లేకుండా తనంతట తాను నడిచే పడవ ఉప్పుటేట్లోకి రావాలంటే పెద్ద పోటు కావాలి. అది అమావాస్యకి, పౌర్ణమికి. మిగతా తేదీలతో ఇక్కడ ఎవరికీ పని లేదు.

బహుళ దశమి

నా పక్క గుడారం రాజులమ్మది. ఒళ్లో పసిపిల్ల. పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు, తండ్రి వచ్చాక పెడదామని. తండ్రి గవరయ్యని సైన్యంవాళ్లు కందకాలు తవ్వడానికి పట్టుకుపోయారు. వస్తాడో రాడో ఎవరూ పైకి అనరు.

పొద్దున పిల్లని భుజాన వేసుకుని వచ్చి అడిగింది. "మాటలమ్మా, బోయినం అయినాదా?"

"ఇంకా లేదు రాజులూ. నీకు?"

"అయిపోనాదమ్మా."

రెండూ అబద్ధాలే. అప్పటికే నేను గుడారం గుడ్డ దించుకుని, ఉద్యోగులకిచ్చే పొట్లం విప్పుకుని తిని, మూతి తుడుచుకుని బయటికొచ్చాను. ఆమె నిన్నటి నుంచి నీళ్లమీద ఉంది. తిన్నదాన్ని నేను లేదంటాను, తిననిది ఆమె అయిందంటుంది. ఈ శిబిరంలో మర్యాద అంటే ఇదే. పిల్ల ఆమె రొమ్ము పట్టుకుని లాగి, ఏమీ రాక ఏడుస్తోంది. ఏడవడానికి కూడా దానికి పెద్ద ఓపిక లేదు.

కుళాయి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అక్కడ ఒకావిడ రాజులమ్మని అడిగింది, "గుప్పిడు అటుకులుంటే బదులిస్తావేటి?" అని.

"ఏదమ్మా, మాకూ నిండుకున్నాయి" అంది రాజులమ్మ.

పైన గుంజమీద చెవికి నీలం దీపం వెలిగింది. అర్థమైంది అని దాని భావం. నేను బిందె కిందపెట్టి ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏం అర్థమైంది దీనికి?

గుడారంలోకి వచ్చి నా తెరమీద చెవి రాసుకున్న లెక్క తెరిచాను. తూరుపు మడులు, అటుకుల నిల్వ: నిండుగా. పాలపొడి నిల్వ: నిండుగా. పప్పు నిల్వ: నిండుగా. కిందటి పక్షం కన్నా ఈ పక్షం ఇంకా నిండుగా. దాని పక్కనే సిఫారసు: సరుకు తగ్గించవచ్చు.

ఇంట్లో బియ్యం అయిపోతే మనం అయిపోయాయనం. లేవు అని అసలే అనం. నిండుకున్నాయంటాం. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అమ్మ అంటుంటే వినడమే. చెవికి అమ్మ లేదు. అది ఎక్కడో పుస్తకాలు చూసి 'నిండు' అంటే ఏమిటో నేర్చుకుంది. అర్థంకాని మాటలే నాకు పంపుతుంది గనక, అర్థమైందనుకున్న ఈ మాట నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆకలి పెరిగినకొద్దీ ఆ మాట పెరిగింది. ఆ మాట పెరిగినకొద్దీ బస్తాలు తగ్గాయి.

నాకు నవ్వొచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట వచ్చింది నవ్వే. పక్క గుడారంలో పిల్ల మళ్లీ ఏడుపు మొదలుపెట్టాక ఆగింది.

బహుళ త్రయోదశి

ఓడలో మా పంపిణీ చూసే అధికారి శరభయ్యగారు. ఫోన్లో మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతారు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నీలవేణిగారూ, అమావాస్య పడవకి ఎత్తడం అయిపోయింది. ఇప్పుడేమీ చేయలేను. పౌర్ణమి సంగతి చూద్దాం."

"చూడ్డానికేముంది? మాట మార్చండి. నిండుకున్నాయి అంటే లేవు."

"ఒక్కరు చెబితే నిల్వల మాట మార్చకూడదని నిబంధన. వేరే శిబిరాల్లో మీలాంటివాళ్లు ఏం చేశారో మీకు తెలీదు. తమవాళ్ల మీద ప్రేమకొద్దీ ఉన్నదాన్ని లేదని దిద్దారు. ఇప్పుడు జనం నోటినుంచే రావాలి. ఇంటికొకరు గుంజ దగ్గర నిలబడి 'లేవు' అని స్పష్టంగా అంటే చెవి వింటుంది. ఎక్కువ ఇళ్లు అంటే దిద్దుబాటు ఒప్పుకుంటారు."

"మావాళ్లు ఆ మాట అనరండీ. అనకూడదనే కదా ఇంకో మాట పెట్టుకున్నారు."

"అనిపించండి" అన్నారు. గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. విసుగైతే తిట్టుకునేదాన్ని.

అమావాస్య

పడవ వచ్చింది. రేవంతా జనం. తలుపు తెరుచుకున్నాక లోపల ఒక మూలన నాలుగు బస్తాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని కనిపించాయి. ఇంకా లోపలెక్కడో ఉన్నాయేమోనని కొందరు వంగి చూశారు. పడవ తనంతట తానే తలుపు మూసుకుని, మర్యాదగా ఒక గంట కొట్టి వెళ్లిపోయింది.

కూర్మయ్య కొబ్బరిచిప్పతో కొలిచి ఇంటింటికీ పోశాడు. చిప్ప నిండా పోయలేదు.

అది అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. చెవి తప్పు విన్నదని, గుంజ దగ్గర ఇంటికొకరు 'లేవు' అనాలని.

"అంటే ఏటి?" అన్నాడు కూర్మయ్య. "మన మాట తెలీక ఆ పెట్టి మన కడుపు మాడ్సినాదా? మరి దానికి నేర్పొచ్చు గదా. మనకి నేర్పడం ఏటి?"



ఒక ముసలమ్మ చేతులు తిప్పుతూ అంది, "మొగోలందరూ బయటున్నారు. ఇంట్లో కూకోని నేవు, నేవు అంటామేటి? పైన తదాస్తు దేవతలు తిరుగుతుంటారమ్మా."

"పైన తిరుగుతున్నవి తూనీగలే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా నోటిదురుసు నన్నెప్పుడూ గట్టెక్కించలేదు. ఆలోచిస్తే తథాస్తు దేవతలున్న మాట నిజమే. ఒకటి గుంజమీదే ఉంది. నిండుకున్నాయి అన్నాం, తథాస్తు అంది.

శుద్ధ విదియ

పొద్దుట్నుంచీ గుంజ కింద నేను, నా ముందు వరస. కూర్మయ్య అందరికన్నా ముందు వచ్చాడు. ఆయన వస్తే మిగతావాళ్లు వస్తారని ఆయనకీ తెలుసు.

"అటుకులు నేవు" అన్నాడు గట్టిగా.

చెవికి పసుపు దీపం వెలిగింది. అర్థం కాలేదట.

మావైపు లకారం కాస్తా నకారమవుతుంది. నేవు, నేదు, నేను. దీన్ని దిద్దుదామని చూస్తే ఓడనుంచి ముందే సిద్ధం చేసిన జవాబు వచ్చింది: పరీక్ష జరుగుతుండగా మాటలు మార్చరాదు.

"బాబూ, లేవు అనాలి. ల. నాలిక కాస్త మీదికి."

"నేవు."

"లే."

"లే... వు." అరవై దాటిన మనిషి, ఒకప్పుడు వందమంది కూలీల మీద పెత్తనం చేసినవాడు, బడిలో పిల్లాడిలా నా మూతి చూసి మూతి కదిపాడు. నీలం దీపం వెలిగింది. ఆయన నావైపు చూడకుండా తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత రోజంతా అదే పని. ఆకలితో ఉన్నవాళ్లకి ఆకలి ఎలా పలకాలో నేర్పాను. కొందరు నవ్వులాటగా తీసుకున్నారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు, వాళ్లచేత కొంగు తీయించి మళ్లీ అనిపించాను. కోర్టులో ప్లీడర్లు సాక్షుల్ని ఇలా చేసినప్పుడు వాళ్లని మనసులో తిట్టుకునేదాన్ని.

రాజులమ్మ రాలేదు.

శుద్ధ చవితి

ఇంకా కొన్ని ఇళ్లు కావాలి. రాజులమ్మ ఒప్పుకుంటే ఆమె వయసు బాలింతలు నలుగురైదుగురు వస్తారు. వెళ్లి కూర్చున్నాను.

"నాను అననమ్మా. నన్నొగ్గీ" అంది. "ఆడు కందకంలో ఉన్నాడు. పైన మట్టి ఇరిగి పడతాదో, బాంబు పడతాదో నాకు తెల్దు. ఇక్కడ నాను నేవు నేవు అంటూ కూకుంటే అక్కడ ఆడికేటవుతాదో."

"ఒట్టి మాట రాజులూ అది."

"మాటలమ్మవి నువ్వే, మాటంటే ఒట్టిదని నువ్వే అంతావేటి?"

ఆమె చెప్పింది న్యాయమే. నేను వినదలుచుకోలేదు. పిల్ల ఆమె ఒళ్లో పడుకుని ఉంది, కణతలు లోపలికి పోయాయి. ఆ పిల్లని చూపించి అన్నాను, "గవరయ్య వచ్చేసరికి ఇది ఉండాలా, అక్కర్లేదా? నువ్వే చెప్పు."

అనేశాను. అంటున్నప్పుడే తెలుసు, ఇది మనిషి మనిషితో అనే మాట కాదని.

రాజులమ్మ లేచింది. పిల్లని నా చేతుల్లో పెట్టి గుంజ దగ్గరికి నడిచింది. "అటుకులు నేవు" అంది. పసుపు దీపం. నావైపు తిరిగింది. లే అనమని సైగ చేశాను. మళ్లీ నేవు అంది, మళ్లీ పసుపు దీపం. అప్పుడు చెవివైపు మొహమెత్తి, ఒక్కో అక్షరం నొక్కి పలికింది.

"లేవు. అటుకులు లేవు. పాలు లేవు. ఏటీ లేవు."

నీలం దీపం వెలిగింది. ఆమె తిన్నగా ఏటిగట్టుకి పోయి, ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మింది. మళ్లీ పుక్కిలించి మళ్లీ ఉమ్మింది. పిల్లని తీసుకోవడానికి వచ్చినప్పుడు నా వంక చూడలేదు.

శుద్ధ షష్ఠి

రెండు రోజులుగా నన్నెవరూ బోయినం అయినాదా అని అడగలేదు.

శుద్ధ నవమి

శరభయ్యగారే పిలిచారు. దిద్దుబాటు ఒప్పుకున్నారట. పౌర్ణమికి తూరుపు మడులకి పడవ నిండా సరుకు.

"చాలా సంతోషమండీ" అన్నాను. ఆయన ఇంకా ఏదో చెప్పాలని ఆగినట్టు అర్థమైంది.

"ఒక చిక్కుంది. ఉప్పుటేటికి అవతల పడమటి మడుల్లో కూడా మీ యాసే, మీ మాటే. అక్కడా చెవి నిండుగా ఉందనే రాస్తోంది. వాళ్ల మాటలు చూసేవాడు జ్వరంతో పోయాడు, ఇంకొకర్ని వేయలేదు. మీ దిద్దుబాటు అన్ని శిబిరాలకీ పెడితే వాళ్ల లెక్క కూడా రాత్రికి రాత్రి మారిపోతుంది. అప్పుడు ఉన్న పడవ ఇద్దరికీ పంచాలి."

"ఇంకో పడవ లేదా?"

"సాయం చేసే దేశాలు ఇంకో యుద్ధం వైపు తిరిగాయి. అక్కడి పిల్లల ఫొటోలు కొత్తవి. మా ఓడలోనే వంటవాళ్లని సగం మందిని తీసేశారు."

"సగం పడవ వస్తే మాకు సరిపోదు. ఇప్పటికే పిల్లలు..."

"తెలుసు. అందుకే చెబుతున్నాను. మీ తెరమీద రెండు మీటలు ఉంటాయి. ఈ శిబిరానికి మాత్రమే. అన్ని శిబిరాలకూ. ఏది నొక్కినా తప్పని ఎవరూ అనరు."

అప్పుడు అడగకుండా ఉండలేకపోయాను. "శరభయ్యగారూ, ఈ నిండుకున్నాయి సంగతి మీకు ముందే తెలుసా? మీరూ తెలుగువారే కదా."

"తెలుసనను" అన్నారు. "ఒక శిబిరం నిండుగా ఉందని కాగితం వస్తే, నిజమా అని రెండోసారి అడగలేదు. అడిగితే లేదంటారేమోనని."

ఫోన్ పెట్టేశాక తెర ముందు కూర్చున్నాను. పడమటి మడుల్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇటువైపు గుడ్డగోడకి అవతల రాజులమ్మ పిల్లని ఊరుకోబెడుతోంది. పెద్ద తర్జనభర్జనేమీ పడలేదని రాయాలి. పడినట్టు రాసుకుంటే నాకు బాగుండేది. 'ఈ శిబిరానికి మాత్రమే' నొక్కాను. పౌర్ణమి దాటగానే రెండోది నొక్కుదాం అనుకున్నాను. 'తరవాత' అన్న మాటకి అసలు అర్థమేమిటో కూడా ఏ చెవికైనా ఎవరైనా నేర్పాలి.

పౌర్ణమి

పడవ నీళ్లలో మునిగిపోయేంత బరువుగా వచ్చింది. బస్తాలు దించుతుంటే పిల్లలు కిందపడ్డ అటుకులు ఏరుకుని బుగ్గల్లో కుక్కుకున్నారు. పాలపొడి డబ్బాలు వచ్చాయి, పప్పు వచ్చింది, బెల్లం కూడా వచ్చింది. బెల్లం చూసి ముసలమ్మ ఏడ్చింది. ఆ ముసలమ్మే నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

"మాటలమ్మ నోరు సల్లగుండ" అన్నాడు కూర్మయ్య, అందరూ వినేలా. గుంజ దగ్గర నేను ఆయనకి చేసిన మర్యాద మరిచిపోయినట్టే ఉన్నాడు. మరిచిపోలేదు, క్షమించాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

సాయంత్రం రాజులమ్మ వచ్చింది. ఇన్నాళ్లకి. గిన్నెలో నానిన అటుకులు, మీద బెల్లం ముక్క.

"తిను. నువ్వూ పస్తున్నావు గదా మాతోటి" అంది.

తిన్నాను. ఏమని వద్దంటాను?

"నీ పేరేటి అసలు? ఎవులకీ తెల్దు."

"నీలవేణి."

"బాగున్నాది. దీనికి నీ పేరెడతాను. ఆడొచ్చేదాక ఆగుదామనుకున్నాను గానీ, ఆడొచ్చినా ఏటంతాడు? నీ నోటి పుణ్యాన బతికినాది."

ఆమె వెళ్లాక 'అన్ని శిబిరాలకూ' నొక్కాను. వెంటనే జవాబు వచ్చింది. నమోదైంది. రాబోయే అమావాస్యకి పడవ సరుకు తూరుపు, పడమటి మడులకి సగం సగం.

బహుళ విదియ

పాటులో నీళ్లు తగ్గగానే ఏరు దాటి పడమటి మడులవాళ్లు రావడం మొదలుపెట్టారు. మోకాలిలోతు బురదలో, ఒకర్నొకరు పట్టుకుని. ఎవరూ చేయి చాచలేదు. వచ్చి గట్టుమీద కూర్చున్నారు, చుట్టపుచూపుగా వచ్చినట్టు.

కూర్మయ్య ఎవర్నీ అడగలేదు. కొబ్బరిచిప్ప తీసుకుని ఇంటింటికీ తిరిగి, ఇంటికో చిప్ప వెనక్కి తీసుకున్నాడు. ఒక్కరూ కాదనలేదు. నేను నా ఉద్యోగి పొట్లాలన్నీ తెచ్చి అక్కడ పెట్టేశాను. ఎవరికీ తెలియకుండా పెట్టానని రాస్తే అబద్ధం. అందరూ చూసేలాగే పెట్టాను. అప్పుడే అందరికీ తెలిసింది, నా దగ్గర పొట్లాలున్నాయని. రాజులమ్మ వాటి వంకా, నా వంకా చూసింది.

రాజులమ్మ గుడారంలోకి దానమ్మ అని ఒకావిడ వచ్చింది, చిన్న ఆడపిల్లతో. ఇద్దరిదీ పక్కపక్క ఊళ్లేనట. అటుకులు నానేలోగా మాటలు కలిశాయి.

"నీకో మగపిల్లోడుండాల గదప్పా, పెద్దోడు? నెల్లిమర్ల తీర్తంలో సూసినాను" అంది రాజులమ్మ.

"ఉప్పులో ఎట్టీసినామమ్మా" అంది దానమ్మ. "మొన్న పున్నమి ఎల్లినాక. తవ్వితే మట్టి రాదు గదా ఇక్కడ, అంతా ఉప్పే."

రాజులమ్మ తన పిల్లని దగ్గరికి హత్తుకుంది. నేను గుడారం గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను.

"పడవ మా రేవు ముందునించే వొచ్చినాది. నిండుగా ఉన్నాది. ఆగుతాదని అందరం నీల్లలోకి దిగినాం. ఆగనేదు. మా పెద్దాయన ఓడకి ఫోన్ సేసి అడిగితే, మీకు నిండుగా ఉన్నాయని రాసున్నాది గదా అన్నారంట."

"ఎవుడమ్మా ఆ రాసినోడు?" అంది రాజులమ్మ. "ఆడికి పిల్లల్నేరా? ఆడి నోట్లో మన్ను పడ."

ఆ తిట్టు నాకు చేరాల్సిన చోటికే చేరింది. పెట్టె తప్పు విన్నదని చెప్పొచ్చు. ఓడలో సరుకు లేదని చెప్పొచ్చు. రెండూ నిజమే. కానీ ఆ మీట ముందు కూర్చున్నది నేను. సగం పడవ వచ్చి ఉంటే ఆ పిల్లాడు బతికేవాడా? తెలియదు. తెలియదు అనుకోవడం కూడా నాకు సుఖంగానే ఉంది, అదే నాకు అసహ్యంగా ఉంది.

బహుళ చవితి

పేరు పెట్టడానికి ఇవాళ మంచిదని కూర్మయ్య చెప్పాడు. గుడారం ముందు చాప పరిచారు. పెద్దగా ఎవర్నీ పిలవలేదు. రాజులమ్మ తలకి నీళ్లు పోసుకుని, తను తినడానికి అటుకుల గిన్నె కలిపి పెట్టుకుని, పిల్లని ఒళ్లో వేసుకుని నాకోసం కబురు పంపింది. నాలుగు రోజుల తిండికే పిల్ల కళ్లు తేటపడ్డాయి.

"రా అమ్మా. పేరుగల్లదానివి నువ్వే సెవిలో సెప్పాల" అంది.

కూర్చున్నాను. పిల్ల చెవి దగ్గరికి వంగాను. నా పేరు నా నోటికి రాలేదు.

"వద్దు రాజులూ. నా పేరు పెట్టకు."

"ఏటి, ఎందుకు?"

చెప్పేశాను. రెండు మీటల సంగతి, శరభయ్యగారు చెప్పిన సంగతి, నేను ఏది నొక్కిందీ, ఎవర్ని తలుచుకుని నొక్కిందీ. దానమ్మ కొడుకు సంగతి ఆమెకి తెలుసు గనక మళ్లీ చెప్పలేదు. వచ్చే అమావాస్యకి మనకి సగమే వస్తుందని కూడా చెప్పాను. కోర్టులో నిలబడి చెప్పినట్టు వరసగా, ఎక్కడా తడబడకుండా చెప్పాను. చెప్తుంటే గుండె తేలికపడుతున్నట్టు అనిపించింది.

రాజులమ్మ మొహం చూశాక ఆ తేలిక ఎక్కడికి పోయిందో తెలిసింది. దించుకున్న బరువు ఆమె నెత్తిన పెట్టాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గిన్నెవైపు చూస్తూ ఉండిపోయింది. అటుకులు ఉబ్బి, పైన నీళ్లు లేకుండా పీల్చుకున్నాయి.

"ఇది నాకెందుకు సెప్పినావు?" అంది చివరికి. గొంతు పైకి లేవలేదు. "నీ కడుపులో దాసుకోలేకపోనావేటి?"

"నీకు తెలియాలని..."

"నాకు తెలిసి ఏటి సెయ్యాల? కక్కీమంటావా? నాను తినాల గదమ్మా. నాను తింటే గదా దీనికి పాలు."



ఆమె పిల్లని రొమ్ముకి పెట్టుకుంది. గిన్నె దగ్గరికి లాక్కుంది. చాపమీదే నాకు వీపు తిప్పి కూర్చుని, తినడం మొదలుపెట్టింది. ముద్ద మింగినప్పుడల్లా మెడ వెనక నరం కదలడం కనిపించింది. మధ్యలో ఒకసారి ఆగింది, చాలదన్నట్టు పిల్ల మూలిగితే మళ్లీ తిన్నది. గిన్నె అడుగు వేళ్లతో తుడిచి నాకేదాకా నేను అక్కడే కూర్చున్నాను. లెమ్మని ఆమె అనలేదు. ఉండమనీ అనలేదు.